వదిలేసినాడు అన్న మాట

స్వాతంత్ర్యం రావడానికి రెండేళ్ల ముందు చిత్తూరులో ఒక చిన్న సివిలు కోర్టులో గుమస్తాగా చేరాను. కాగితం మీద గుమస్తానే గానీ రోజులో ఎక్కువ భాగం చేసింది దుబాసీ పని. సాక్షి తెలుగులోనో అరవంలోనో మాట్లాడతాడు. నేను బోను పక్కన నిలబడి ఆ మాటను ఇంగ్లీషులో మున్సిఫుగారికి చెప్పాలి. ఆయన దాన్ని తన చేత్తో రాసుకుంటారు. వకీళ్లు ఇంగ్లీషులో అడిగిన ప్రశ్నను సాక్షికి తెలుగులో చెప్పడమూ నా పనే. అంతా అయ్యాక ఆ ఇంగ్లీషు కాగితాన్ని మళ్లీ తెలుగు చేసి సాక్షికి వినిపిస్తాను. అతను అవునంటే కింద సంతకమో వేలిముద్రో పడుతుంది. ఇక ఆ మాట కదలదు. సాక్షి నోటినుంచి వచ్చింది ఏదైనా కానీ, పై కోర్టు దాకా పోయేది ఆ కాగితమే.

అప్పటి మున్సిఫుగారిది మలబారు. తెలుగు పరీక్ష పాసయ్యారు గానీ, ఆ పరీక్షలోని తెలుగుకూ మా పల్లెల నుంచి వచ్చే సాక్షుల తెలుగుకూ చుట్టరికం లేదు. అందుకని పూర్తిగా నా మీదే ఆధారపడేవారు. అది నాకు గర్వంగా ఉండేది.

మా ఇంట్లో ఇంగ్లీషు ముక్క తెలిసిన మొదటివాణ్ణి నేనే. మా నాయన బెల్లం వండేవాడు. గానుగ ఆడించే రైతులు చుట్టుపక్కల పది ఊళ్ల నుంచి ఆయన్ను పిలుచుకొని పోయేవాళ్లు, పాకం ఎప్పుడు దించాలో ఆయన కంటికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదని. ఆయనకు అక్షరాలు రావు. నన్ను మాత్రం తిరుపతిలో మా మేనత్త ఇంట్లో పెట్టి హైస్కూలు చదివించాడు. అక్కడ సెలవు రోజుల్లో రైలు స్టేషనుకు పోయేవాణ్ణి. ఉత్తరాది యాత్రికులు దిగి దారి తెలియక నిలబడిపోయేవాళ్లు. వాళ్ల మాట మాకు తెలియదు, మా మాట వాళ్లకు తెలియదు. గుంపులో ఎవరో ఒకరికి నాలుగు ఇంగ్లీషు మాటలు వచ్చివుంటే, ఆ నాలుగు మాటల మీదే అందరూ కొండకు చేరేవాళ్లు. ఇంగ్లీషంటే నాకు గురి కుదిరింది అక్కడే.

కోర్టులో చేరాక ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. తీర్పుల్లో, అర్జీల్లో కనబడిన పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలన్నీ అందులో రాసుకొని, ఇంటికి పోయేటప్పుడు దారి పొడుగునా మనసులో చెప్పుకునేవాణ్ణి. చిన్న మాటతో పని జరిగేచోట కూడా ఆ పెద్ద మాట వాడితే, మున్సిఫుగారు తలెత్తి ఒకసారి నావైపు చూసేవారు. ఆ చూపు కోసం నోటుబుక్కు ఇంకా నింపేవాణ్ణి.

నేను చెప్పబోయే కేసు స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, ఎండాకాలం సెలవులయ్యాక విచారణకు వచ్చింది. వాది ఐరాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక విధవరాలు. యాభై ఏళ్లుంటాయి. ప్రతివాది ఆమె మరిది. ఊరికి పడమట వంక పక్కనున్న మెట్ట చేనులో సగం ఆమె భర్తది, సగం మరిదిది. కొన్నేళ్లు వానలు సరిగా లేక చేను పండలేదు. అప్పుడే తిరుమల కొండకు బస్సు దారి వేస్తున్నారనీ, బండలు కొట్టేవాళ్లకు పని ఉందనీ తెలిసి ఆమె భర్త ఆ పనికి పోయాడు. రెండేళ్లు కొండ మీద పనిచేసి, చలిజ్వరంతో ఇంటికి వచ్చి, నెల తిరగకముందే చనిపోయాడు. ఈలోపల మరిది చేనంతా కలిపి దున్నుకున్నాడు. మా అన్న తన భాగం మీద హక్కు నాకు వదులుకునే కొండకు పోయినాడని అతని వాదన. కేసంతా ఆ ఒక్క విషయం మీదే నిలిచింది. ఆయన హక్కు వదులుకున్నాడా, లేదా.

సాక్ష్యం రోజున ఆమె వకీలుకు పక్క కోర్టులో ఇంకో కేసు పిలుపు వచ్చింది. కొత్తగా చేరిన జూనియరును కూర్చోబెట్టి వెళ్లాడు. ప్రతివాది వకీలు క్రాసు పరీక్ష మొదలుపెట్టాడు. పెళ్లెప్పుడయింది, ఎన్నేళ్లు కలిసి ఉన్నారు అని అటూ ఇటూ తిప్పి, మీ ఆయన కొండకు పోయేటప్పుడు ఆ చేను సంగతేమిటని అడిగాడు. నేను తెలుగులో అడిగాను.

ఆమె నావైపే చూస్తూ చెప్పింది. "వానల్లేక వదిలేసినాడు సామీ. వదిలేసి కొండపనికి పోయినాడు."

మా వైపు చేను వదిలేయడమంటే ఆ ఏడు దున్నకుండా బీడు పెట్టడం. నాకది తెలుసు. నేను పుట్టింది అలాంటి పల్లెలోనే. ఇంగ్లీషులో 'లెఫ్ట్' అనే చిన్న మాటతో సరిపోయేది. కానీ పొద్దుటినుంచి ఇద్దరు వకీళ్ల నోట్లో, అర్జీలో, వివాదాంశాల కాగితంలో ఒకటే మాట తిరుగుతూ ఉంది. 'రెలింక్విష్'. అంటే హక్కు వదులుకోవడం. నా నోటుబుక్కులో కూడా ఉందది. ఆమె 'వదిలేసినాడు' అనగానే నా నోటికి అదే వచ్చింది. వానలు లేనందువల్ల ఆయన ఆ చేనును రెలింక్విష్ చేసి కొండలకు పోయాడని చెప్పాను. మున్సిఫుగారు రాసుకున్నారు.

ప్రతివాది వకీలు అడగవలసిన ప్రశ్నలు ఇంకా చాలా ఉన్నట్టు చేతిలో కాగితాలున్నాయి. ఆయన వాటిని మడిచి, ఇంకేమీ లేదని కూర్చున్నాడు. ఆ జూనియరు కూడా లేవలేదు. అప్పుడే నాకు ఎక్కడో కొంచెం గుచ్చుకుంది. కానీ ఏమిటని ఆగి ఆలోచించలేదు. కాగితం నా చేతికి వచ్చింది. ఆ వాక్యం దగ్గర 'రెలింక్విష్' అన్నదాన్ని తెలుగు చేస్తే మళ్లీ 'వదిలేసినాడు' అనే వచ్చింది. ఆమె తల ఊపింది. తను చెప్పిందే తనకు వినబడింది మరి. వేలిముద్ర వేయించాను.

నెల తర్వాత తీర్పు వచ్చింది. దావా కొట్టేశారు. ఆమె వకీలు వరండాలో ఆమె మీద కేకలు వేయడం నేను లోపలి నుంచి విన్నాను. గట్టిగా కట్టుకొచ్చిన కేసును నీ నోటితో నువ్వే పాడుచేసుకున్నావని ఆయన అన్నాడు. జరిగింది చెప్పినాను సామీ అని మాత్రం ఆమె అంటూ ఉండింది.

పది రోజులకు ఆమె తీర్పు నకలు తీసుకోవడానికి వచ్చింది. చేతిలో పెట్టుకొని ఎవర్ని అడగాలో తెలియక నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సామీ, నువ్వు సదివితే అర్థమైతాది. ఏం రాసినారో ఒక్కసారి సెప్పు."

నేను చదివి తెలుగులో చెప్పుకుంటూ పోయాను. నాలుగో పేజీలో, తన భర్త ఆ భూమి మీద హక్కు వదులుకున్నాడని వాది స్వయంగా ఒప్పుకున్నది కాబట్టి ఇక విచారించవలసిందేమీ లేదని ఉంది. అదీ చెప్పాను.

ఆమె కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "హక్కు అనే మాట నేను ఎత్తినానా సామీ?"

ఎత్తలేదు. ఆ మాట ఆమె నోట రాలేదు. ఆ క్షణంలో నాకంతా అర్థమైంది. నేను నోరు తెరిచి చెప్పింది మాత్రం, "ఈడ అట్లే రాసుండాది" అని. రాసింది ఎవరో చెప్పలేదు. ఆమె నకలు మడిచి కొంగున కట్టుకొని పోయింది.

మా గుమస్తాలందరికీ పైవాడైన శిరస్తాదారుతో చెప్పాను. మంచి మనిషే. ఇరవై ఏళ్ల సర్వీసు. విని, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "అబ్బా, నీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. రికార్డు జోలికి పోవద్దు. ఆయమ్మకు వకీలుండాడు, అప్పీలుండాది. వాళ్ల పాట్లు వాళ్లు పడతారు." ఆ మాట నాకు కావలసినట్టే ఉంది. పట్టుకున్నాను.

ఆ రోజుల్లో ఢిల్లీలో రాజ్యాంగం రాస్తున్నారు. హిందీని దేశానికంతా రాజభాష చేస్తారని, ఇంగ్లీషును దాంతోపాటు ఉంచాలా తీసేయాలా అని పేపర్ల నిండా అదే చర్చ. చిత్తూరులో ఈ గొడవ ఇంకోరకంగా ఉండేది. బజారులో సగం మంది అరవం మాట్లాడేవాళ్లు, తెలుగువాళ్లు ఆంధ్ర రాష్ట్రం కావాలనేవాళ్లు, తోలు వ్యాపారం చేసే సాయిబులు ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు. ఒక ఆదివారం సాయంత్రం ఊళ్లోని రీడింగురూములో సభ పెట్టారు. దేశానికి ఇంగ్లీషు రెండో రాజభాషగా ఉండాలా వద్దా అన్నది విషయం. పెద్ద వకీళ్లు నలుగురు మాట్లాడతారని, కోర్టు దుబాసీగా అనుభవం ఉన్నవాణ్ణి కాబట్టి నన్ను కూడా మాట్లాడమని పిలిచారు. అలాంటి చోట నన్ను పిలవడం అదే మొదలు.

ఆ రోజు మా నాయన మండీకి బెల్లం బండి తోలుకొని వచ్చాడు. కొడుకు సభలో మాట్లాడతాడని తెలిసి, ఖాళీ గోతాలు భుజాన వేసుకొని వచ్చి వెనక గోడ పక్కన కూర్చున్నాడు.

భాషల గురించి జరిగిన ఆ సభ అంతా ఇంగ్లీషులోనే జరిగింది. తెలుగు పంతులు ఒకాయన మాత్రం తెలుగులో మాట్లాడాడు. మర్యాదగా విన్నారు. తర్వాత నా వంతు. నేను రాసుకొచ్చింది అబద్ధమేమీ కాదు, మొదట్లో. మా జిల్లాలో మూడు భాషలున్నాయి, ఏ ఒక్కదాన్ని పైకెత్తినా మిగతా రెండూ నొచ్చుకుంటాయి, ఇంగ్లీషు ఎవరి ఇంటిదీ కాదు కాబట్టి ఎవరికీ ఈర్ష్య లేదు అన్నాను. హిందీ ఒక్కటే అయితే తిరుపతిలో పుట్టినవాడు ఢిల్లీలో రెండోరకం మనిషి అవుతాడన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో, కాగితంలో లేని మాట ఒకటి అన్నాను. మూడేళ్లుగా వందల మంది సాక్షులు నా గొంతు ద్వారా మాట్లాడారు, ఇంగ్లీషు వల్ల వాళ్లలో ఒక్కరికీ అన్యాయం జరగలేదు అని. దానికి ఇంకా గట్టిగా కొట్టారు. ఆ విధవరాలి వకీలు కూడా ముందు వరసలో కూర్చొని కొట్టాడు.

సభ అయ్యాక నాయనా నేనూ బండ్లు నిలిపే చోటికి నడుస్తున్నాం. ఇంకా వెలుగుంది. ఆయన సంతోషంగా ఉన్నాడు.

"బలే తట్టినారు సేతులు," అన్నాడు. "కడాకు ఏం సెప్పినావురా, అంత గట్టిగా తట్టినారు?"

ఆ వాక్యం తెలుగులో చెప్పాలి. ఇంగ్లీషులో తేలిగ్గా వచ్చింది, తెలుగులో రాలేదు. రెండుసార్లు మొదలుపెట్టి ఆగాను. చివరకు ఆ వాక్యం చెప్పి, దాని వెంటే ఆ ఆడమనిషి సంగతంతా చెప్పేశాను. నాయన నడుస్తూనే విన్నాడు. మధ్యలో ఒకే ఒక్కసారి, ఏ ఊరని అడిగాడు.

బండి దగ్గరికి వచ్చాక గోతాలు లోపల వేసి అన్నాడు. "పాకం ముదిరిపోతే పొయ్యిని తిట్టి లాబం లేదురా. దించాల్సినోడు యాడుండాడో వాడే ఒప్పుకోవాల. లేదంటే రైతు సెరుకు మంచిది కాదనుకుంటాడు."

"సెప్తే నా ఉద్యోగం పోవచ్చు నాయనా."

"పోవచ్చు," అన్నాడు ఆయన. కాదనలేదు. ఎద్దుల్ని కాడికి కట్టుకున్నాడు. ఇంటికి వస్తావా అని అడిగితే, వచ్చే ఆదివారం ఐరాల పోవాలని చెప్పాను. సరేనన్నాడు.

ఆదివారం బస్సులో ఐరాల పోయి, అక్కడినుంచి నడిచి ఆమె ఊరు చేరాను. శెనక్కాయల కాలం. ఎవరిదో కళ్లంలో పదిమంది ఆడవాళ్లు చెట్ల నుంచి కాయలు ఒలుస్తున్నారు. ఆమె కూలికి వచ్చి వాళ్లలో ఉంది. నన్ను చూసి కోర్టాయన గదా అని గుర్తుపట్టి, ఇంకేమన్నా కాగితం వచ్చిందేమోనని లేచి పక్కకు వచ్చింది. నేను చెప్పాను. చెప్పేటప్పుడు ఇంగ్లీషు మాటలు వాడకుండా, ఆ రోజు ఆమె ఏమన్నది, నేను ఏమని చెప్పాను, కాగితంలో ఏమని పడింది అని వరసగా చెప్పాను. ఆమెకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"మల్ల సదివి ఇనిపించినావు గదా. అప్పుడు నేను సెప్పిందే ఇనిపించినావే."

"తెలుగులో రెండిటికీ ఒకటే మాటమ్మా. అందుకని నీకు తేడా తెలీలేదు."

"మాట ఒగటే అయితే సేను ఎట్ల పాయె?"

తప్పు నాదేనని మళ్లీ చెప్పాను. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. నా ముఖం చూడడం మాత్రం మానేసింది. కళ్లం వైపు చూస్తూ మాట్లాడింది.

"వకీలు నన్ను నలుగుర్లో తిట్టినాడు. నా కొడుకు కూడా నా నోరే మంచిది కాదన్నాడు. నేను ఏం సెప్పినానో నాకే అనుమానమొచ్చి, పండుకుంటే అదే తలుసుకుంటా ఉండినా." కొంగుతో చేతుల మన్ను దులుపుకుంది. "ఈ మాట జడ్జీ దగ్గర సెప్తావా?"

"సెప్తాను."

"అయితే ఆడ పోయి సెప్పు. నాకు సెప్తే ఏమొస్తాది."

తిరిగి పోయి తన చోట కూర్చుంది. అంతదూరం నడిచి వచ్చినవాడికి మంచినీళ్లు ఇవ్వకుండా పంపే ఊళ్లు కావు మావి. ఆమె ఇవ్వలేదు. నేను అడగలేదు.

మరునాడు కోర్టు మొదలవకముందే మున్సిఫుగారి గదిలోకి వెళ్లాను. ఆయన విని, నన్ను కూర్చోమనలేదు, కోప్పడలేదు. రికార్డు తెప్పించి ఆ పేజీ తీశారు. ఆమె అన్న తెలుగు మాట ఏదో చెప్పమన్నారు. చెప్పాను. దాన్ని ఆయన రెండుసార్లు తన నోటితో పలికి చూసుకున్నారు. తమ భాషలోనూ అలాంటి మాట ఉందని, అక్కడా దానికి రెండు అర్థాలేనని అన్నారు. తర్వాత ఇంగ్లీషులో ఆయన అన్నది నాకు ఇప్పటికీ మాట పొల్లుపోకుండా గుర్తుంది. తెలుగులో చెప్పాలంటే ఇది: "ఆ రోజు నేను ఆమె మాట వినలేదు. నీ మాట విన్నాను. ఆమె రెండు గజాల దూరంలో ఉంది."

తీర్పు చెప్పాక దాన్ని మార్చే అధికారం తనకు లేదని, అప్పీలు గడువు ఇంకా ఉందో లేదో చూడమని, జరిగిందంతా అఫిడవిట్టుగా రాసి ఆమె వకీలుకు ఇమ్మని చెప్పారు. నా మీద పైకి రిపోర్టు రాయక తప్పదన్నారు. రాశారు కూడా. అందులో తన తెలుగు చాలకపోవడం గురించి కూడా రాశారని శిరస్తాదారు తర్వాత చెప్పాడు.

గడువుకు తొమ్మిది రోజులున్నాయి. ఆమె వకీలు నా అఫిడవిట్టు చదివి ముందు నన్ను తిట్టాడు. సభలో ఆ మాట అంటుంటే నేను చప్పట్లు కొట్టినానయ్యా అన్నాడు. తర్వాత కాగితాన్ని మళ్లీ మొదటినుంచి చదివాడు. ఆమెను వరండాలో తిట్టిన సంగతి ఇద్దరికీ గుర్తొచ్చింది గానీ ఎవరమూ ఎత్తలేదు. అప్పీలు ఫీజు అడగలేదని మాత్రం ఆయన గుమస్తా చెప్పాడు.

పై కోర్టులో నన్ను బోనులో నిలబెట్టారు. ఎప్పుడూ బోను పక్కన నిలబడినవాడికి లోపల నిలబడడం కొత్తగా ఉంది. నాకు దుబాసీ అక్కర్లేదు కాబట్టి ప్రశ్నలన్నీ నేరుగా ఇంగ్లీషులోనే. మరిది తరఫు వకీలు, నేను ఆమె వైపు డబ్బు తిన్నానని, మా ఊరూ ఆమె ఊరూ దగ్గరేనని మొదలుపెట్టాడు. కళ్లంలో ఆమెను కలిసిన సంగతి తవ్వి బయటికి తీశాడు. నేను కలిశానని ఒప్పుకున్నాను. చివరకు ఆయన అడిగింది ఇది.

"అయితే మూడేళ్లుగా మీకు ఇంగ్లీషు రాకుండానే ఈ ఉద్యోగం చేస్తున్నారా? లేక ఇంగ్లీషు వచ్చి, ఇప్పుడు అబద్ధం చెబుతున్నారా?"

రెండింటిలో ఏది ఒప్పుకున్నా నేను మునిగినట్టే. నాకు వచ్చిన చిన్న మాటలతోనే చెప్పాను. "నాకు ఇంగ్లీషు వచ్చు. తెలుగూ వచ్చు. ఆ రోజు ఆమె మాట వినేటప్పుడు నా మనసు ఇంగ్లీషు మీద ఉండింది."

ఆ జడ్జీగారు దాన్ని రాసుకొని, ఇంకేమైనా అడగాలా అని వకీలును అడిగారు.

అప్పీలులో పాత తీర్పు కొట్టేసి, ఆమె సాక్ష్యం మళ్లీ తీసుకోమని కేసును కింది కోర్టుకే తిరగ్గొట్టారు. దానికన్నా ముందే నన్ను దుబాసీ పని నుంచి తీసి నకళ్ల సెక్షనులో వేశారు. ఉద్యోగం పోలేదు. కానీ పర్మనెంటు కావలసిన జాబితాలో నా పేరు కిందికి పోయింది, నా తర్వాత చేరినవాళ్లు ముందుకు పోయారు. నేను దానికి మరీ బాధపడలేదని చెబితే నిజం కాదు. బాధపడ్డాను. నోటుబుక్కు మాత్రం మళ్లీ తెరవలేదు.

నకళ్ల సెక్షనులో ఉండగా తెలుగు పంతులుగారు ఒకరోజు వెతుక్కుంటూ వచ్చారు. నా సంగతి ఊళ్లో తెలిసింది. ఇంగ్లీషు పోవాలని ఇంకో సభ పెడుతున్నామని, అందులో ఈ కేసు చెప్పమని అడిగారు. నేను చెప్పనన్నాను. ఇంగ్లీషు పోయి హిందీ వస్తే అదే బోను పక్కన ఇంకొకడు హిందీ నోటుబుక్కుతో నిలబడతాడు, తెలుగే వస్తే అరవం మాట్లాడే ఆడమనిషి చెప్పింది తెలుగులో తప్పుగా పడుతుంది అన్నాను. మలబారాయనా, మద్రాసు హైకోర్టూ, ఢిల్లీ వాళ్లూ, నేనూ ఒకరికొకరం రాసుకోవడానికి ఇంగ్లీషు కాకుండా ఏముందో నాకు తెలియడం లేదు, అది ఉండనీండి అన్నాను. కానీ సాక్షి అన్న మాట ముందు ఆ సాక్షి భాషలోనే కాగితం మీద పడాలి, ఆ తర్వాతే ఎందులోకైనా మార్చుకోవాలి. అప్పుడు దుబాసీ తప్పు చేసినా అసలు మాట పక్కనే ఉంటుంది. నా అభిప్రాయం అంతే. పంతులుగారికి అది నచ్చలేదు. ఇది ఇటూ అటూ కాని మాట అన్నారు. ఇదే సంగతి పై అధికారులకు ఒక ఉత్తరం రాసి పంపాను. జవాబు రాలేదు.

మరుసటి ఏడు వానాకాలం ముగుస్తుండగా ఢిల్లీలో నిర్ణయమైంది. హిందీ రాజభాష, ఇంగ్లీషు ఇంకో పదిహేనేళ్లు. వకీళ్ల గదిలో పేపరు ఒకరి చేతినుంచి ఒకరికి మారుతూ ఉంది. పదిహేనేళ్లకు మనముంటామో లేదో అని ఒక పెద్దాయన నవ్వాడు. ఆమె కేసు తిరిగి విచారణకు వచ్చింది ఆ రోజుల్లోనే. మలబారాయన బదిలీ అయిపోయి కొత్త మున్సిఫుగారు వచ్చారు, కృష్ణా జిల్లా మనిషి. నేను నకళ్లకు కాగితాలు మోసుకుపోతుంటే ఆమె వరండాలో కూర్చొని ఉంది. ఏడాది తర్వాత చూడడం. నన్ను పిలిచింది.

"లోపల కొత్తగా వచ్చినాయనకు తెలుగు వచ్చునా?"

"వచ్చునమ్మా. కోస్తా తెలుగు. నిదానంగా సెప్పు."

"నిదానంగానే సెప్పినా అప్పుడు గూడా," అంది.

లోపల జరిగింది నేను చూడలేదు, ఆమె వకీలు గుమస్తా చెప్పాడు. చేను వదిలేసినాడనే మాట రాగానే కొత్త మున్సిఫుగారు కలం ఆపి, దుబాసీని ఉండమని, వదిలేయడమంటే మీ ఊళ్లో ఏమిటమ్మా అని తనే అడిగారట. దున్నకుండా బీడు పెట్టేది, వాన పడితే మల్ల దున్నేది అని ఆమె చెప్పిందట. ఆయన ఆ తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పక్కన అర్థం రాసుకున్నారట. నెలలోపలే సగం చేను ఆమెదేనని తీర్పు వచ్చింది. ఆ తీర్పు నకలు రాసింది నేనే. మరిది మళ్లీ అప్పీలు అనుకున్నాడు గానీ ఊరి పెద్దలు కూర్చోబెట్టి మాట్లాడి గట్టు వేయించారు.

ఆ ఏటి చలికాలంలో ఐరాల వైపు గానుగలకు పోయిన మా నాయన తిరిగి వస్తూ చిత్తూరులో నా దగ్గర దిగాడు. భోజనం చేస్తూ, ఆ వంక పక్క చేను చూసి వచ్చినానన్నాడు. ఎవరినో అడిగి వెతుక్కుంటూ పోయాడంట. ఉలవలు చల్లింది, చెట్టు బాగా లేచింది, ఆయమ్మ కొడుకుతో కలిసి గట్టు మీద కంప నరుకుతా ఉండింది అన్నాడు.

"నువ్వెవరని సెప్పినావా నాయనా?"

"బెల్లం వండేవాణ్ణని సెప్పినా. సెంబుతో నీళ్లిచ్చింది," అన్నాడు, ఇంకో ముద్ద కలుపుకుంటూ.